పటేలింటి పెరుగులో సిస్టీన్

మా ముత్తాత కుందలహళ్ళి పటేలు, అంటే ఊరి పెద్ద. శిస్తు లెక్కలు చూడటానికి తాలూకా అధికారి అమల్దారు వస్తే గుర్రం దిగి మా అరుగు మీద కూర్చునేవాడు. ఆ తర్వాతే ఊళ్ళో మాట మొదలయ్యేది. మా తాత కూడా పటేలే. ఆయన కాలంలో చెరువు కింద వరిమళ్ళు, మిట్టన రాగి చేలు, ఒక ద్రాక్షతోట, కొట్టం నిండా నాటావులు ఉండేవి. మా నాన్న నాటికి ప్రభుత్వం ఆ పదవిని తీసేసింది. పదవి పోయినా పిలుపు ఉండిపోయింది. చనిపోయేదాకా ఊరంతా ఆయన్ని పటేలప్పా అనే పిలిచింది. దాయాదులతో కోర్టుకెక్కి ఆయన ఏమేం పోగొట్టాడో ఇక్కడ రాయను. ఆయన గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఇప్పటికీ నేను ఆ చోట కూర్చోను.

తొంభైల చివర నేను పరిశోధనలో చేరేసరికి మాకు మిగిలినవి సగం ఇల్లు, కొట్టం, కొట్టంలో ఒక ఆవు. మా రాగి చేలున్న చోట టెక్‌పార్కు ప్రహరీ లేచింది. ఇంట్లో నేను, మా నాన్నను కన్న అవ్వ, ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇవి కాక, వంటింట్లో ఉట్టి మీద పెరుగు కుండ కూడా ఉండేది. దాన్నీ ఆస్తిలోనే లెక్కపెట్టుకునేవాళ్ళం.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. తోడు మా ఇంటి నుంచి బయటికి పోవాలి గానీ బయటి నుంచి మా ఇంట్లోకి రాకూడదు. తెల్లవారగానే ఊళ్ళో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని మా పెరటి వాకిట్లోకి వచ్చేవాళ్ళు. అవ్వ గరిటెతో ఒక్కొక్కరికి కొంచెం పోసేది. దీపాలు పెట్టాక ఎవరొచ్చినా పోసేది కాదు. ఎవరింట్లో పాలు తోడుకోకపోయినా, పెరుగు జిగురెక్కి పాడైనా, పటేలింటికి రావలసిందే. మా పెరుగు మాత్రం ముత్తవ్వ నాటి నుంచి ఒక్క పూటా తెగకుండా వస్తోందని అవ్వ చెప్పేది. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు, ఇవాళ్టిది రేపటి పాలకు.

"చేను పాయ, తోట పాయ. తోడు పోలేదప్పా" అనేది.

నేను అదే నమ్మి, ఒకరోజు ఆ పెరుగును కొంచెం సీసాలో పోసుకుని లాబ్‌కు తీసుకువెళ్ళాను. కుందలహళ్ళి నుంచి కె.ఆర్.పురం దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఇంకో బస్సు. దారంతా సీసాను చేతిలోనే పట్టుకున్నాను, సంచిలో పెట్టలేదు.

మా సార్‌ది నెల్లూరు వైపు. తక్కువ మాట్లాడేవాడు. పాలల్లో పెరిగే కొన్ని బాక్టీరియాలు పక్కనున్న ఇతర బాక్టీరియాలను చంపడానికి చిన్న చిన్న పెప్టైడ్లను తయారుచేస్తాయి. ఆయన పని వాటి మీద. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాలు వరసగా కలిసిన గొలుసు. గొలుసు తయారైనంత మాత్రాన అది పనికి రాదు. దాన్ని మార్చి పదునుపెట్టే ఎంజైములు వేరే ఉంటాయి. ఒక ఎంజైము గొలుసులో కొన్ని చోట్ల నీటి అణువును లాగేస్తుంది. ఇంకొకటి ఆ చోట్లను పట్టుకుని, అదే గొలుసులోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు కలిపి, ఉంగరాలుగా ముడి వేస్తుంది. ముడులు పడ్డాకే ఆ పెప్టైడ్ వేడికీ పులుపుకూ తట్టుకుని నిలబడుతుంది, చంపగలుగుతుంది. ఈ ముడి వేసే ఎంజైమునే సార్ నాకు అప్పగించాడు.

నేను మొదట నేర్చుకున్న పని, వేరువేరు బాక్టీరియాల నుంచి వచ్చిన ఆ ఎంజైము అమైనో ఆమ్లాల వరసలను, ఒక్కో ఆమ్లానికి ఒక అక్షరం చొప్పున, ఒకదాని కింద ఒకటి పేర్చి చూడటం. కొన్ని పాలల్లోవి, కొన్ని మట్టిలోవి, కొన్ని మనిషి నోట్లోవి. పొడుగాటి ప్రింటు కాగితాలు అతికించి గోడకు కొట్టి, ఎర్ర పెన్సిలు పట్టుకుని నిలబడేవాణ్ణి. చాలా మటుకు ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. కొన్ని నిలువు వరసల్లో మాత్రం పై నుంచి కింది దాకా అదే అక్షరం. ఆ గడులను ఎర్రగా నింపేవాణ్ణి. రెండు చోట్ల సిస్టీన్, ఒక చోట హిస్టిడిన్, వాటి పక్కన గ్లైసీన్లు. ప్రోటీన్‌లో తనంతట తాను మడత పడి ఒక పని చేసే భాగాన్ని డొమైన్ అంటాం. ఎంత కాలం గడిచినా, ఏ బాక్టీరియాలో ఉన్నా తన ముఖ్యమైన అక్షరాలను మార్చుకోనిది సంరక్షిత డొమైన్.

"మిగతా చోట్ల అక్షరం మారితే బతుకుతుంది. ఈ మూడు చోట్ల మారితే ఎంజైము చచ్చిపోద్ది. దాంతో ఆ పెప్టైడూ పోద్ది. మారినవి మన దాకా రాలేదు కాబట్టి మనకు కనపడేవన్నీ ఒకేలా ఉన్నాయి" అని సార్ చెప్పాడు. ఆ మూడూ కలిసి ఒక జింకు పరమాణువును పట్టుకుంటాయేమోనని అప్పట్లో అనుమానంగా ఉండేది. తర్వాతి ఏళ్ళలో అది నిజమేనని తేలింది.

మా ఇంటి పెరుగు నుంచి నేను వేరుచేసిన బాక్టీరియా, గాజు పళ్ళెంలో పరీక్షకు పరిచిన ఇంకో బాక్టీరియా మధ్యలో చక్కటి గుండ్రటి ఖాళీ చేసింది. ఆ ఖాళీలో ఏదీ బతకలేదు. నా పక్క బల్ల మీద గుంటూరు అమ్మాయి ఒకామె పనిచేసేది. నాతోపాటే చేరింది. పళ్ళెం పైకెత్తి వెలుతురులో చూసింది.

"పటేల్ గారూ, మీ అవ్వగారి పెరుగు నా బగ్స్‌ని ఊచకోత కోసేసిందండీ. ఇది తిని పెరిగారు కాబట్టే మీరు నవ్వరన్నమాట."

నేను నవ్వలేదు. కానీ ఆ పళ్ళేన్ని పారేయడానికి ఒప్పుకోక చాలా రోజులు ఫ్రిజ్‌లో దాచుకున్నాను.

అందరిలో ఒకేలా ఉండే భాగాలతో ఒక సౌకర్యం ఉంది. వాటికి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు చేయించి, వాటిని గాలంగా వాడి, ఇంతవరకు ఎవరూ చూడని బాక్టీరియాలోంచి కూడా ఆ జన్యువును పట్టుకోవచ్చు. రెండు చివరలా అందరికీ ఉన్న అక్షరాలే. మధ్యలో వచ్చేది మాత్రం ఆ బాక్టీరియా సొంతం. నేను అలాగే పట్టుకుని, యంత్రంలో దాని ప్రతులు పెంచి, ఒక ప్రతిని క్లోన్‌గా వేరుచేశాను. బాక్టీరియాకు మేం పేరు పెట్టుకోవచ్చు. సార్‌ను ముందే అడిగాను, మా ఇంటి పేరు పెడతానని.

"పేరు నీ ఇష్టం. మీ ఇంటిదే అని రుజువు మాత్రం ఉండాల" అన్నాడు.

ఆ పేరు కోసమే నేను ఆ పని చేశానంటే తప్పు కాదు. శిస్తు కాగితాల్లో మా పేరు చెరిగిపోయింది. భూమి పత్రాల్లో చెరిగిపోయింది. ప్రపంచంలో బాక్టీరియాలు భద్రపరిచే చోట ఒక చిన్న సీసా మీద మా పటేలింటి పేరు ఉండాలని, అవ్వ బతికుండగానే ఉండాలని నా కోరిక.

అప్పట్లో డీఎన్ఏ అక్షరాలను ఎక్స్‌రే ఫిల్ము మీద చదివేవాళ్ళం. వెలుగుపెట్టె మీద ఫిల్ము పరిచి, స్కేలు ఆనించి, ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలకు నాలుగు వరసల్లో ఉన్న నల్లటి గీతలను కింది నుంచి పైకి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోవాలి. నేను చదువుతూ పోయాను, గుంటూరు అమ్మాయి రాసుకుంది. రెండో సిస్టీన్ రావలసిన చోటికి వచ్చాం. అక్కడ సిస్టీన్ లేదు. ఒక్క 'జీ' ఉండవలసిన చోట 'ఏ' ఉంది. ఆ ఒక్క అక్షరం వల్ల సిస్టీన్ పోయి టైరోసీన్ అయింది.

"మళ్ళీ చదవండి" అంది.

మళ్ళీ చదివాను. 'ఏ' గీత స్పష్టంగా ఉంది, నల్లగా, పక్క వరసలో నీడ కూడా లేకుండా.

ఆ సాయంత్రం బస్సులో నిలబడి వస్తూ నేను ఆలోచించింది ఒకటే. లోకంలో ఉన్న ప్రతి ఒక్కదానికీ ఆ అక్షరం తప్పదు. మాది ఆ అక్షరం లేకుండానే చంపుతోంది. అది నాకు వింతగా అనిపించలేదు. మా ఇంటి విషయంలో అంతే ఉంటుందని, ఉండాలని అనిపించింది.

అవ్వ కొట్టంలో ఆవుకు తవుడు కలుపుతోంది. చెప్పాను. ఎంజైము, సిస్టీను ఏమీ చెప్పలేదు. ఊరందరి పెరుగులో ఉన్న ఒకటి మన పెరుగులో వేరుగా ఉందని మాత్రం చెప్పాను.

"అది తెలుసుకునేదానికి ఇంత సదువు సదవాల్నా?" అంది అవ్వ. చేతులు కడుక్కుంటూ మళ్ళీ అంది: "వేరు అంటే ఎట్లా వేరప్పా? మంచిదా, చెడ్డదా?"

"మంచిదే."

"అయితే సరే. ఎవురికీ చెప్పొద్దు. దిష్టి తగుల్తాది."

సార్ ఫిల్మును చాలాసేపు చూశాడు. తర్వాత గోడ మీది నా కాగితాల దగ్గరికి వెళ్ళి, ఎర్రగా నింపిన ఆ నిలువు వరస మీద వేలు పెట్టాడు.

"అందరికీ ఉన్నది నీకు లేదంటే రెండే దార్లు. నీ ఎంజైము చచ్చి ఉండాల, లేదా నువ్వు తప్పు చదివుండాల."

"బాక్టీరియా చంపుతోంది సార్. ఎంజైము బతికే ఉంది. ఫిల్ము స్పష్టంగా ఉంది."

"ఎన్ని క్లోన్లు చదివావు?"

"ఒకటి."

"ప్రతులు తీసే ఎంజైము కూడా అప్పుడప్పుడూ తప్పు రాస్తుందయ్యా. నువ్వు చదివింది ఆ తప్పు ప్రతినేమో. పళ్ళెంలో కొత్త బాక్టీరియా కాలనీ నుంచి మళ్ళీ తియ్యి. కనీసం ఇంకో మూడు చదువు. మీ ఊళ్ళో మిగతా ఇళ్ళ పెరుగులు కూడా తే."

"అవెందుకు సార్?"

"మీది వేరు అంటన్నావు. దేనికంటే వేరు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి పెరుగు అడగడం నా వల్ల కాదు. ఆయనకు అది తెలియదు, చెప్పే మనసు నాకు లేదు. మా ఇంటివాళ్ళం ఎవరి వాకిట్లోనూ పాత్ర చాపి ఎరగం. దానికి నేనొక ఉపాయం చేశాను. మర్నాడు పొద్దున కె.ఆర్.పురంలో బస్సు మారేటప్పుడు పాల బూతులో పెరుగు ప్యాకెట్టు కొన్నాను. డబ్బులు పడేసి కొన్నది కాబట్టి అది అడగడం కాదు.

సార్ ప్యాకెట్టును తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"ఇది డెయిరీలో వేసిన కల్చర్. ఎక్కడి నుంచో తెచ్చుకున్నది. మీ ఊరికీ దీనికీ ఏం సంబంధం? పక్కింట్లో గరిటెడు పెరుగు అడగడానికి ఇంత కష్టమేందయ్యా?"

గుంటూరు అమ్మాయి ఆ ప్యాకెట్టును చేతిలోకి తీసుకుంది.

"నన్ను తీసుకెళ్ళండి పటేల్ గారూ, నేను అడుగుతాను. మా ఊళ్ళో మేము రోజూ ఎవరో ఒకర్ని అడుగుతూనే ఉంటాం. మీరు వీధి చివర గొడుగు పట్టుకుని నిలబడండి చాలు."

నేనే వెళ్ళాను. గిన్నె పట్టుకుపోలేదు. ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన గాజు సీసా, దాని మీద లేబులు. అది తోడు అడగడం కాదు, నమూనా సేకరించడం అని నాకు నేను చెప్పుకున్నాను.

మా ఎదురిల్లు ఒకప్పుడు పెంకుటిల్లు. ఆ ఇంటివాళ్ళు మూడు తరాలు మా చేలల్లో పనిచేశారు. ఇప్పుడు అది రెండంతస్తుల మేడ. పైన గదులన్నీ టెక్‌పార్కులో పనిచేసే పిల్లలకు బాడుగకు ఇచ్చారు. కింద ఆ ఇంటి ఆవిడ ఉండేది, మా అమ్మ బతికుంటే ఆ వయసు ఉండేది. ఆవిడను ఏమని పిలవాలో నాకు తెలియలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నేను గడప ఇవతలే నిలబడి దగ్గాను.

"ఎవురూ?" అంటూ బయటికి వచ్చి, నన్ను చూసి కొంగు సర్దుకుంది. "పటేలింటప్పా! ఏమి, అవ్వకు బాగలేదా?"

"బాగానే ఉంది. కొంచెం పెరుగు కావాలి. చదువుకు."

ఆవిడ సీసాను చూసింది. నన్ను చూసింది. ముఖమంతా నవ్వు వచ్చేసింది.

"పెరుగుకు గూడ సదువు ఉండాదా? ఏం సదువప్పా అది, పెద్దయితే పెరుగు డాక్టరు అయితావా?" మేడ మెట్లు దిగుతున్న ఒక కుర్రాణ్ణి ఆపింది. "చూడు సామీ, ఈయనగారి తాత ఊరికి పటేలు. మాయత్త వీళ్ళింటికాడ తోడుకు నిలబడి నిలబడి కాళ్ళు అరిగిపాయ. ఈ పొద్దు వాళ్ళ మనవడు మా యింటికి వచ్చినాడు!" ఆ కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. సారీ ఆంటీ, బస్సు పోతుంది అని వెళ్ళిపోయాడు.

సీసా చాపాను. ఆవిడ తీసుకోలేదు.

"మందు సీసాలో పెరుగు పోస్తారా ఎవురన్నా? ఉండు." లోపలికి పోయి స్టీలు గిన్నెలో పెరుగు తెచ్చి, పైన అరిటాకు ముక్క కప్పి, నా చేతిలో పెట్టింది. "గిన్నె రేపు తెచ్చి ఇయ్యి. ఉత్తది తేవద్దు."

చేతిలో గిన్నెతో వీధి దాటాను. వీధి వెడల్పు చాలా తక్కువ. ఇస్త్రీ బండి దగ్గర ఇద్దరు, మా అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన, అందరూ చూశారు. నేను నడుము వంచలేదు, తొందరపడలేదు.

అవ్వ ఆ గిన్నెను చూసింది. ఎవరింటిదని అడగలేదు. పొద్దున్నే ఆ గిన్నె తోమి, అందులో కొత్త వెన్న ముద్ద పెట్టి, "ఇచ్చిరాప్పా" అంది.

తర్వాత కొన్ని వారాలు పని. మా ఇంటి బాక్టీరియాను కొత్త కాలనీ నుంచి మళ్ళీ తీశాను. ఎదురింటి పెరుగులోనూ చంపే బాక్టీరియా దొరికింది. దాని జన్యువునూ అదే గాలంతో పట్టాను. ఫిల్ములు వచ్చాయి. వెలుగుపెట్టె ముందు ఈసారి గుంటూరు అమ్మాయి చదివింది, నేను రాసుకున్నాను. ఆ చోటికి వచ్చేసరికి ఆ అమ్మాయి కూడా హాస్యం మానేసింది.

"జీ" అంది.

రెండో ఫిల్ములో జీ. మూడో దాంట్లోనూ జీ. ఎదురింటి దాంట్లోనూ జీ. మా ఇంటి పెరుగులో సిస్టీన్ ఉండవలసిన చోటే ఉంది. ముందటిసారి ఫిల్ములో నేను చూసింది యంత్రంలో ప్రతులు పెరిగేటప్పుడు పడిన ఒక తప్పు. ఆ తప్పు ఏ బాక్టీరియాలోనూ ఎన్నడూ బతకలేదు. నా గాజు గొట్టంలోనే పుట్టి అక్కడే ఆగింది.

"సారీ అండీ" అంది ఆ అమ్మాయి. ఆ ఒక్కసారి పటేల్ గారూ అని అనలేదు.

నేను గోడ దగ్గరికి వెళ్ళి, మా ఇంటి వరసలో ఖాళీగా వదిలిన గడిని ఎర్ర పెన్సిలుతో నింపాను. నిలువు వరస పై నుంచి కింది దాకా పూర్తి అయింది.

కానీ ఇంకొకటి ఉంది. డొమైన్‌కు బయట, మారినా ఎవరికీ నష్టం లేని చోట్ల, మా ఇంటిదీ ఎదురింటిదీ అక్షరం పొల్లు పోకుండా ఒకటిగా ఉన్నాయి. లోకంలోని మిగతా వరసలు దాచే డేటాబ్యాంకులో ఉన్నవాటికి మాత్రం ఆ చోట్ల కొన్ని తేడాలు ఉన్నాయి. అంటే ఈ రెండు ఇళ్ళదీ ఒకే వంశం. నాకు ఊపిరి వచ్చింది. తోడు మా ఇంటి నుంచే కదా పోయింది. అయితే ఆ వంశానికి మా ఇంటి పేరే పెట్టాలి.

సార్‌తో అదే అన్నాను.

"రెండూ ఒకటే అని చెప్తంది. ఎవరు ఎవరికిచ్చారో ఇందులో రాసిలేదు" అన్నాడు.

"ఎవరిచ్చారో మా ఊరంతా తెలుసు సార్."

"అయితే ఊరినే అడుగు. ఆవిడ చెప్పింది రాసుకునిరా. అదే నీకు రుజువు."

మళ్ళీ ఎదురింటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చేటతో రాగులు చెరుగుతోంది. ఈసారి గడప దాటి లోపలికి వెళ్ళి, ఆవిడ చూపించిన పీట మీద కూర్చున్నాను. మీ ఇంటి తోడు మొదట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను.

"మీ యింటి నుంచే. అది అడిగేదానికి వచ్చినావా? మాయత్త తెచ్చినాది. కాదనేది ఏముండాది?"

నాకు కావలసింది అదే. లేవబోయాను.

"మళ్ళ మీకు పోయింది మా యింటి నుంచి" అంది ఆవిడ, చేట ఆపకుండానే.

"ఎప్పుడు?"

"నీకు అప్పుడే పాలపండ్లు వస్తా ఉండె. ఊళ్ళో ఆవులకంతా గాలికుంటు వచ్చినాది. మీ కొట్టములో ఒగ ఆవు గూడ నిలబడలే, మూతులంతా పుండ్లు. పాలు లేక మీ కుండ ఎండిపాయ. మా ఆవు అప్పుడు మా పుట్టింటికాడ ఉండె, అది బతికిపాయ. మీ ఆవులు తేరుకున్నంక మీ అవ్వ ఏమేమో చేసినాది. పాలల్లో మిరప తొడిమెలు ఏసినాది, చింతపండు ఏసినాది. యాడ తోడుకుంటాది? తీగలు తీగలు సాగె. కడాకు ఒగనాడు పొద్దున, ఇంగా కోడి గూడ కుయ్యలే, పెరట్లో నుంచి వచ్చి నిలబడినాది. చేతిలో గిన్నె. నోటంట మాట రాలే పాపము. నేనే అడిగితి, ఏమత్తా అని."

చేటలో పొట్టును ఊదింది.

"ఎవురికీ చెప్పలే నేను. నువ్వు అడిగినావని చెప్తాండా. ఆ పొద్దు పట్టపగలు నువ్వు గిన్నె పట్టుకోని దాటిపోతాంటే, చూసి నవ్వుకుంటి. మీ అవ్వకంటే నువ్వే మేలు."

ఆ మాటకు కోపం రావలసింది. రాలేదు. నేను లేచి, "వస్తానత్తా" అన్నాను. ఆ పిలుపు నా నోటి నుంచి రావడం ఆవిడా గమనించింది. చేట ఒక్క క్షణం ఆగింది.

ఇంటికి వచ్చాక అవ్వను అడగాలా వద్దా అని ఆలోచించాను. రుజువు కావాలంటే అడగక తప్పదు. అవ్వ ఉట్టి కింద కూర్చుని కవ్వంతో మజ్జిగ చిలుకుతోంది.

"గాలికుంటు వచ్చిన ఏడు, ఎదురింటి నుంచి తోడు తెచ్చినావా అవ్వా?"

కవ్వం ఆగింది. అవ్వ తల ఎత్తలేదు.

"తెచ్చినాను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"నువ్వు వట్టి అన్నము తినకుండా ఉంటివి. ఎంత బెల్లము పెట్టినా ఉమ్మేస్తివి. మీ నాయన కోర్టు కోర్టని తిరుగుతా ఉండె, ఆయనకు తెలీదు. నేను ఏం చేసేదప్పా?" మళ్ళీ కవ్వం తిప్పింది. "ముందర మనము ఇచ్చింటిమి కాబట్టి వాళ్ళింట్లో ఉండె. ఇయ్యకుండా దాచుకోని ఉంటే ఆ ఏడే పోయుండు."

అవ్వ ఆ మాటను ఓదార్పు కోసం అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. నాకు గోడ మీది నా కాగితాలు గుర్తుకొచ్చాయి. నిలిచిందంతా అందరి దగ్గరా ఉన్నదే. ఒక్కరి దగ్గరే ఉన్నది, ఎంత స్పష్టంగా కనిపించినా, నా గాజు గొట్టం దాటి బయటికి రాలేదు.

అప్పటికీ మా ఇంటి పేరు పెట్టడానికి నాకు అడ్డు లేదు. తోడు మొదట ఇచ్చింది మేమే, ఎదురింటావిడే ఒప్పుకుంది. మధ్యలో జరిగింది ఇద్దరు ఆడవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండో సంగతిని సార్‌కు చెప్పకపోతే సరిపోయేది. కానీ మా వంశంలో లేనిదాన్ని ఉన్నట్టు రాయించుకున్నవాళ్ళు లేరు. మా ముత్తాత శిస్తు లెక్కలో ఒక్క చేనును దాచలేదని చెప్పుకుంటాం. ఆయన మనవడి కొడుకును నేను.

సార్‌కు రెండూ చెప్పాను. ఆయన రాసుకోవడానికి కాగితం తీశాడు.

"మరి పేరు?"

"ఊరి పేరు పెట్టండి సార్."

సిద్ధాంత గ్రంథంలో ఆ బాక్టీరియా మూలం అన్న చోట ఇలా రాశాను: కుందలహళ్ళిలోని రెండు ఇళ్ళ పెరుగు; ఈ ఇళ్ళు ఒకదానికొకటి తోడు ఇచ్చిపుచ్చుకున్నవి. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి ఆ వాక్యం అనవసరమన్నాడు. తీయనన్నాను. సార్ నా వైపే మాట్లాడాడు. వాక్యం ఉంది.

తర్వాత నాకు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పొద్దున చీకటితో పోతే రాత్రికి గానీ రాను. అవ్వకు మోకాళ్ళు వంగడం మానేశాయి. పాలు పితకడానికి కింద కూర్చుంటే లేవలేకపోయేది. ఒకనాడు కొట్టంలో అలాగే కూర్చుండిపోతే, అరుపు విని ఎదురింటావిడ వచ్చి లేపింది. ఆ వారమంతా ఆవిడే వచ్చి పాలు పితికి, మా ఉట్టి మీది కుండలో తోడు వేసిపోయింది. ఆవు ఆవిడ చేతికి అలవాటు పడింది.

ఇక ఆవు సంగతి అవ్వే ఎత్తింది. నేను ఊళ్ళోనే ఎవరికైనా అమ్ముదామన్నాను.

"ఎవురికో ఏల? ఆ ఎదురింటి పిల్లకే ఇయ్యి" అంది. "పాలూ తోడూ రోజూ ఆడ నుంచే తెచ్చుకుందాము. నడిచిపోయేదానికి ఎంత దూరము ఉండాది?"

పొద్దున ఉద్యోగానికి పోయేముందు గిన్నె పట్టుకుని వీధి దాటే పని నాదైంది. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఉత్తది ఇవ్వలేదు, ఒక్కరోజు కూడా.

ఆ ఏడాదే మా కొట్టంలోని చివరి ఆవును, దూడతో సహా, ఎదురింటావిడకు అమ్మేశాం.